గడియారాలాయన బిగించిన గేర్‌బాక్సు

ఆ మరకా? రుద్దకు తల్లీ, అది పోదు. నలభై ఏళ్లుగా రుద్దుతున్నాను, సోడా వేసి చూశాను, నిమ్మచెక్క పెట్టి చూశాను, మీ అత్త అయితే కొత్తగా కాపురానికొచ్చినప్పుడు గరుకు కాగితం పట్టుకుని గీకింది, చెక్క అరిగింది గానీ మరక అరగలేదు. కూర మరక అనుకున్నావు కదూ? కూర కాదు, కారు నూనె. నవ్వుతావేం, ఒట్టు. నువ్వు కూర్చుని తింటున్న ఈ భోజనాల బల్ల మీద మూడు వారాల పాటు కారు గేర్‌బాక్సు పడుకుంది. ఇంటిల్లిపాదీ కింద కూర్చుని తిన్నాం, అది మాత్రం బల్ల మీద దుప్పటి పరుచుకుని మహారాణిలా ఉంది. మరి ఎవరి నిర్వాకం అనుకున్నావు, మా ఆయనది, మీ తాతగారిది. నువ్వాయన్ని చూడలేదు. నువ్వెక్కడ చూస్తావులే, నీ మొగుడికే సరిగ్గా గుర్తుండదు, ఆయన పోయేటప్పటికి వాడికి నాలుగేళ్లు. కూర్చో, ఆ గుడ్డ అవతల పడెయ్, చెప్తాను.

ఆయనది గడియారాలు బాగుచేసే పని. బజార్లో మేడమెట్ల కింద కొట్టు, కొట్టంటే కొట్టు కాదు, బీరువా అనుకో. లోపల ఆయన, ఒక బల్ల, ఒక దీపం. నాలుగోదానికి చోటు లేదు, వచ్చినవాళ్లు వీధిలోనే నిలబడి మాట్లాడాలి. పొద్దస్తమానం కంటికి ఆ అద్దం బిగించుకుని కూర్చునేవారేమో, కుడికన్ను చుట్టూ గుండ్రంగా నొక్కు పడిపోయింది. పెళ్లిచూపులప్పుడు నేనది చూసి ఎవరో గుద్దారనుకున్నాను. తొందరన్నది ఆయన ఒంట్లో లేదు. మా అత్తగారు అనేవారు, "వీడు కడుపులోంచే పది రోజులు ఆలస్యంగా వచ్చాడమ్మా, ఇప్పుడు తొందరపడతాడా" అని. ఇంకోటేమిటంటే, ఆయనకి కారు నడపడం రాదు. రాదంటే ఏదో కొంచెం కూడా రాదు. బండి అంటేనే భయం. నా పక్కన కూర్చుంటే తలుపుకున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, నేను కుడికి తిప్పితే ఆయన ఎడమకి వాలేవారు. అదిగో, ఆ మనిషి విప్పాడు గేర్‌బాక్సు.

కారు నాదే. అవును, నాదే, ఆ రోజుల్లోనే. నా ఎడమకాలు చూస్తూనే ఉన్నావుగా, మోకాలు వంగదు. పంతొమ్మిదేళ్లప్పుడు నర్సు చదువులో ఉండగా హాస్టల్ మెట్ల మీద జారాను, అతికించారు గానీ కర్రలా అతికించారు. ఉద్యోగం ఏమో ఇళ్లకి తిరిగేది. మంచాన పడ్డ ముసలివాళ్లకి కట్లు మార్చడం, సూదులు వెయ్యడం, పుళ్లు కడగడం. రోజుకి పది పన్నెండు ఇళ్లు. మొదట్లో ఆయనే సైకిల్ మీద దింపేవారు. నేను లోపలికెళ్లి పని చూసుకుని వచ్చేదాకా గుమ్మం బయట నిలబడి ఉండేవారు, ఆ తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. ఏనాడూ విసుక్కోలేదు. కానీ నాకు సిగ్గేసేది. ఎక్కడికెళ్లాలన్నా ఒక మనిషిని అడగాలి, ఆ మనిషి ఎంత మంచివాడైనా అడగాలి. మామూలు కారు నడుపుదామంటే క్లచ్ తొక్కడానికి ఎడమకాలు కావాలి. అప్పుడు ఎవరో అన్నారు, తనంతట తనే గేర్లు మార్చుకునే కార్లు ఉంటాయి, రెండే పెడళ్లు, కుడికాలు చాలునని. రెండేళ్లు వెతికితే దొరికింది ఒకటి, ముసలిది, తలుపులు సొట్టలు. మా వైపు అలాంటిది అదే మొదటిది. జనం వచ్చి కిందకి వంగి చూసేవాళ్లు, "మూడో పెడల్ ఏదమ్మా, ఊడిపోయిందా?" అని. నేను దాంట్లో ఒక్కదాన్నీ మొదటిసారి ఆసుపత్రికి వెళ్లిన రోజు, చెప్తే నమ్మవు, దారి పొడుగునా పాడుకుంటూ వెళ్లాను. నాకు పాట రాదు.

అలా మూడేళ్లు గడిచాక దానికి జబ్బు చేసింది. ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది, బండి మాత్రం కదలదు. రెండో గేరు పట్టినట్టే పట్టి జారిపోయేది. ఒకరోజు దిబ్బ మీద ఇంటికి వెళ్తున్నాను, పక్షవాతం వచ్చిన పంతులమ్మ ఉండేది అక్కడ, సగం ఎక్కాక కారు ఊరుకుంది. ఊరుకోవడం కాదు, వెనక్కి నడవడం మొదలెట్టింది. బ్రేకు తొక్కి పట్టుకుని కూర్చున్నాను, ఎవరో వచ్చి చక్రాల కింద రాళ్లు పెట్టేదాకా. మా వీధి చివర ఒక మెకానిక్ ఉండేవాడు, అందరూ అతన్ని "రేపొస్తా" అనేవాళ్లు, ఎప్పుడు పిలిచినా అదే మాట కాబట్టి. అతను మాత్రం ఆ రోజే వచ్చాడు, పాపం. కిందకి దూరి చూసి, చేతులు దులుపుకుని, "అక్కా, ఇంజనైతే కళ్లు మూసుకుని విప్పుతాను. ఇది గేర్‌బాక్సు కాదు, పుట్ట. దీన్ని విప్పినవాడు మా వాళ్లలో ఎవడూ లేడు. పాత ఇనుముకి వేసెయ్" అన్నాడు. ఆసుపత్రిలో పెద్ద నర్సు ఇంకో ముక్క చెప్పింది. ఆవిడ చెడ్డది కాదు, ఆవిడ పేషెంట్లు ఆవిడకి ముఖ్యం. "మూడు వారాలు ఎలాగో సర్దుతాను. ఆ తర్వాత నీ ఇళ్ల జాబితా ఇంకొకరికి ఇచ్చేస్తాను. నువ్వు చీటీలు రాసే గదిలో కూర్చో, కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, హాయి" అంది. హాయట. నాకు ఆ కుర్చీ తలుచుకుంటే పాడె గుర్తొచ్చింది.

ఆ పూట అన్నాల దగ్గర నేను కంచంలో గీతలు గీస్తున్నాను. ఆయన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "నేను చూస్తాను" అన్నారు. నేను ఏం చూస్తారన్నాను. "అదే, గేర్‌బాక్సు." అంతే, మా అత్తగారికి పొలమారింది. "ఒరేయ్, నీ చేతికొచ్చిన చేతిగడియారమే నెల్లాళ్లకి గాని బయటపడదు, ఏనుగుని ఎప్పటికి లేపుతావురా!" అని. ఈయన నెమ్మదిగా, "అమ్మా, దాంట్లోనూ పళ్లచక్రాలే, దీంట్లోనూ పళ్లచక్రాలే. పెద్దవైతే ఇంకా మంచిది, అద్దం అక్కర్లేదు" అన్నారు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట అలాగ. కానీ తల్లీ, ఇంకో దారి ఉంటే కదా నేను కాదనడానికి? సరే అన్నాను. మీ మామగారు అప్పుడు బడి సెలవులకి మా అమ్మ దగ్గరికి పోయి ఉన్నాడు, బతికిపోయాడు.

రేపొస్తా ఇంకో ఇద్దరిని తెచ్చి దాన్ని కారులోంచి కిందకి దింపి, తోపుడుబండి మీద వేసి తెచ్చాడు. గుమ్మం దాటించేటప్పటికి ముగ్గురికీ నడుములు పట్టేశాయి. ఎక్కడో పాత పుస్తకాల కొట్లో ఆ కారు మరమ్మతు పుస్తకం కూడా దొరికింది, ఇంగ్లీషుది, సగం పేజీలకి జిడ్డు. ఈయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం, అందుకని నేను చదివి చెప్పాలి, ఆయన విప్పాలి. కొట్టు మూసేశారు. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచారు, ఉతికిందే, ఇస్త్రీది. ఒక్కో ముక్క విప్పడం, పెట్రోలుతో కడగడం, దుప్పటి మీద పెట్టి దాని చుట్టూ పెన్సిలుతో గీత గీయడం, పక్కన అంకె వెయ్యడం. గీతలోంచి ముక్క కదిలిందో, ఇక చూసుకో. ఎండాకాలం, ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు, దుమ్ము లేస్తుందట. తుమ్మొస్తే పెరట్లోకి పరుగెత్తాలి. మా అత్తగారు వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేవారు, "ఇంట్లో ఆపరేషను జరుగుతోంది, లోపలికి పోవద్దు" అని. లోపల ఏముందనుకున్నావు! ఒక ఇనప పలక, దాన్నిండా చీమలు తవ్వినట్టు కాలవలు, ఆ కాలవల్లో స్ప్రింగులు, మిరియపు గింజల్లాంటి ఉక్కు గుళ్లు. అవి చూసి ఆయన మొహం వెలిగిపోయింది. "ఎవడోగాని మంచి పనివాడు చేశాడు" అని మురిసిపోయారు. నన్ను చూసినప్పుడు కూడా అంత మురవలేదు.

అసలు తంటా ఎక్కడొచ్చిందంటే బిళ్లల దగ్గర. దాంట్లో రేకు బిళ్లలుంటాయి, పళ్లెం అంత గుండ్రంగా, మధ్యలో బెజ్జంతో. ఒకటి నున్నటి ఉక్కుది, ఒకటి గోధుమరంగు అట్టలాంటి పూత పూసింది, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే గేరు పడ్డట్టు. పాతవి కాలిపోయి నల్లబడ్డాయి, అదీ జబ్బు. రేపొస్తా ఎక్కడెక్కడో తిరిగి కొత్త పూతవి సంపాదించాడు. పుస్తకంలో ఉంది, నేనే గట్టిగా చదివాను, కొత్త బిళ్లల్ని బిగించే ముందు నూనెలో బాగా నానబెట్టాలి అని. విన్నారు. విని, నవ్వారు. "మోటారు వాళ్లంతే, నూనె అంటే నీళ్లనుకుంటారు. చెయ్యి కుదురు లేదు" అన్నారు. ఆయన పనిలో సూత్రం ఒకటే తల్లీ, నూనె ఎక్కువైతే గడియారం చస్తుంది. సూది మొన మీద చుక్క, అది కూడా సగం చుక్క. ముప్పై ఏళ్ల అలవాటు. కొత్త బిళ్లల్ని కడిగి, ఆరబెట్టి, మచ్చ లేకుండా తుడిచి, వేలికొసతో ఏదో పూసీ పూయనట్టు పూసి, పేర్చేశారు. నేను మళ్లీ అన్నాను, నానబెట్టమన్నాడండీ అని. "నానబెట్టడానికి అవేమన్నా పప్పా?" అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు, ఇంకేం చెప్తాం.

పన్నెండో రోజుకి కారుకి ఎక్కించారు. వీధి వీధంతా బయటికొచ్చింది. నేను ఎక్కి కూర్చుని, మీట జరిపి, కాలు మోపాను. కదిలింది! వెన్నలా కదిలింది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాను. జనం ఈలలు. రేపొస్తా ఈయన కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. మా అత్తగారు ఎంత మారిపోయారనుకున్నావు, "మావాడు చిన్నప్పటి నుంచీ అంతే, ఏదైనా పట్టాడంటే వదలడు" అని. మర్నాడు పొద్దున్నే సంచీ తీసుకుని బయల్దేరాను. మూడు ఇళ్లు చూశాను. నాలుగో ఇంటికి పోతుంటే కమురు వాసన. ఇంజను అరుపు. మళ్లీ అదే. నడి బజార్లో ఆగిపోయింది, వెనక బండ్లవాళ్లు తిడుతున్నారు. నేను దిగి, సంచీ భుజానేసుకుని, ఈ కాలు ఈడ్చుకుంటూ ఇంటిదాకా నడిచాను. మైలుంటుంది. ఆ మైలు పొడుగునా నేను ఏమేం అనుకున్నానో, అదంతా గుమ్మంలో కక్కేశాను. ఆయన ఎదురొచ్చారు, ఏమైందీ అంటూ. నేనన్నాను... అత్తగారు అక్కడే ఉన్నారు, పక్కింటివాళ్లు గోడ మీంచి చూస్తున్నారు... "దేవుడు ఒక కాలు తీసుకున్నాడు. మిగిలిన కాలు మీరు తీశారు" అన్నాను. గొంతు పెంచి కూడా కాదు. పెంచి ఉంటే బాగుండేది.

మంచినీళ్లందుకో కొంచెం. ఆఁ, చాలు.

ఆయన తిన్నగా వెళ్లి కారు దగ్గర నిలబడి, రేపొస్తాని పిలిపించి, మళ్లీ దింపించారు. మళ్లీ దుప్పటి, మళ్లీ పెట్రోలు. అన్నానికి పిలిస్తే వచ్చి తిని వెళ్లేవారు, నా మొహం చూసేవారు కాదు. మూడో రోజు బిళ్లలు బయటికొచ్చాయి. ఒకదాన్ని పట్టుకుని, కంటికి అద్దం పెట్టుకుని, ఎంతసేపు చూశారో. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చూసి చూసి అన్నారు, "ఇవి దాహంతో చచ్చిపోయాయి." బిళ్ల కింద పెట్టి, "నువ్వు చదివావు. నేను వినలేదు. తప్పు నాది" అన్నారు. అంతే, మూడు ముక్కలు. ఎంత తేలిగ్గా అనేశారో చూడు. ఆయన తప్పు ఆయన ఒప్పుకున్నాక నేనన్న మాట నేను వెనక్కి తీసుకోవాలా వద్దా? తీసుకోవాలి. నోటిదాకా వచ్చింది. "సరేలెండి, ఇంకా ఆరు రోజులుంది" అన్నాను. చూశావా, అదీ నేను.

ఈసారి కొత్త బిళ్లలు దొరకడానికే మూడు రోజులు పట్టింది. నానబెట్టడానికి అంత వెడల్పు గిన్నె ఏదీ? మా అత్తగారు లేచి వెళ్లి, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెద్ద గుండిగ ఉండేది, ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు, అది తెచ్చి బల్ల మీద ధడాలున పెట్టారు. "ఇందులో పోసుకో. ఇంక దీంట్లో వండొద్దు. దీన్ని కారుకిచ్చేశాను" అని. ఎర్రటి నూనె, దానిమ్మరసంలా. గంటో రెండో నానితే చాలని పుస్తకంలో ఉంది. ఆయన ఒక పగలు ఒక రాత్రి ఉంచారు. మధ్యమధ్యలో లేచి వచ్చి ఊరగాయ కలియబెట్టినట్టు కలియబెట్టేవారు. తర్వాత ఒక్కోటీ తీసి పేరుస్తుంటే నేను పక్కన కూర్చుని అందిస్తున్నాను. మోచేతులదాకా నూనె, కారుతోంది, బల్ల మీద పడుతోంది, దుప్పటి మీది పెన్సిలు గీతలన్నీ ఎర్రగా మునిగిపోయాయి. సగం చుక్కకి మించి ఎరగని మనిషి. మొహంలో ఎంత బాధో! అన్నం పారబోస్తున్నవాడిలా ఉన్నారు. కానీ ఒక్క బిళ్లకీ తగ్గించలేదు. ఆ తర్వాత నెల్లాళ్లపాటు గోళ్లలోంచి ఆ నూనె పోలేదు, గడియారం ముట్టుకుందామంటే భయం, అద్దాల మీద ఎర్రటి వేలిముద్రలు. పాపం, కొట్టు తెరిచి కూడా ఊరికే కూర్చున్నారు.

ఎక్కించిన రోజు ఎవరినీ పిలవలేదు. గడువుకి ఒక్క రోజుంది. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు, పిడి పట్టుకోలేదు, తల కిందకి వంచి చెవి నేలకి ఆనించినంత పని చేశారు. గేరు మారినప్పుడల్లా వేలెత్తేవారు. ఒకటి. రెండు. నేను తిన్నగా దిబ్బ మీద ఇంటికే పోనిచ్చాను, తేలాలంటే అక్కడే తేలాలని. ఎక్కుతోంది, ఎక్కుతోంది, జారిన చోటు దాటింది, పైకొచ్చేశాం. పంతులమ్మ ఇంటి ముందు ఆపాను. ఇదిగో ఇప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. ఈలోగా ఆయన తలుపు తీసుకుని దిగిపోయారు. ఎక్కడికండీ అన్నాను. "కొట్టుకి. నడిచి పోతాను. నువ్వు మిగతా ఇళ్లు చూసుకో" అన్నారు. ఎక్కండి, దింపుతానంటే, "నేను పక్కనుంటే ఎలా? నువ్వొక్కదానివీ తిరగడానికేగా ఇదంతా" అన్నారు. అనేసి, దిబ్బ దిగి వెళ్లిపోయారు, ఆ ఎర్ర గోళ్ల చేతులు వెనక్కి కట్టుకుని. సన్నటి మనిషి. నేను అద్దంలో చూస్తూ కూర్చున్నాను, మలుపు తిరిగేదాకా.

పెద్ద నర్సు జాబితా నా చేతికే ఇచ్చింది. ఆ కారు ఇంకో ఇరవై ఏళ్లు నడిచింది, నేను ఉద్యోగం మానేశాక కూడా. ఆ మాట మటుకు అలాగే ఉండిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు, నాకు రెండూ జారాయి. రోజూ గుర్తుండేదని కాదు, కాపురమన్నాక వంద ఉంటాయి. కానీ ఆయన ఏదన్నా బాగుచేస్తూ కనిపిస్తే చాలు, చివుక్కుమనేది. చెప్దాంలే, చెప్దాంలే అని. చివరికి ఆయనకి గుండె నొప్పి వచ్చింది. పొద్దున్న ఎనిమిదింటికి. మీ మామగారు ఊళ్లో లేడు. నేనే వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లాను ఆసుపత్రికి, ఆ కార్లోనే, నేనొక్కదాన్నే. అద్దంలో చూస్తే మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అప్పుడనిపించింది, ఇంక చెప్పకపోతే ఎప్పుడూ చెప్పలేనని. "ఏమండీ, ఆ రోజు గుమ్మంలో నేనన్న మాట..." అని మొదలెట్టాను. ఆయన చెయ్యెత్తారు. కళ్లు మూసుకునే ఉన్నారు. "ఉండవే, ఒక్క నిమిషం మాట్లాడకు. గేరు మారుతోంది" అన్నారు. నేను కాలు అలాగే మోపి ఉంచాను. కాసేపటికి, "మారింది" అన్నారు. వేలెత్తి. అదే ఆఖరి మాట.

...

ఏం లేదు. నువ్వు లేచి వంటింట్లోకి వెళ్లు తల్లీ, పొయ్యి మీద ఏదో పొంగుతున్నట్టుంది.